ముడి పడింది రైకర్‌కి, విప్పింది డేటా

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ధారావాహికల్లో ఉత్కంఠ గురించి వచ్చిన వ్యాసం అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్'లోని 'ద బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్' అనే రెండు భాగాల కథను ఆదర్శంగా చూపించింది. ఎంపిక బాగుంది. చెప్పిన కారణంతోనే పేచీ. సరిగ్గా ఆయుధం పేల్చబోయే క్షణంలో ఆపేశారు కాబట్టి అది గొప్ప ముగింపు అయిందని వ్యాసకర్త తేల్చేశారు. మన సినిమావాళ్ల మాటల్లో, ఇంటర్వెల్ బ్యాంగ్ పడింది కనక బొమ్మ హిట్టు అన్నమాట. రెండు భాగాలనూ పక్కపక్కన పెట్టుకుని సీను సీనుగా చూస్తే, ఆ ఆఖరి అరనిమిషానికి బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. రెండో భాగం ఎందుకు నీరుగారిందో కూడా తెలుస్తుంది. వ్యాసం ఈ రెండో సంగతిని అసలు ముట్టుకోలేదు.

మొదటి భాగం అమెరికాలో మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌గా 1990 జూన్ 18తో మొదలైన వారంలో వచ్చింది. రెండోది నాలుగో సీజన్ తొలి ఎపిసోడ్‌గా సెప్టెంబర్ 24 వారంలో. మధ్యలో 14 వారాలు. రెండూ రాసింది మైకేల్ పిల్లర్, తీసింది క్లిఫ్ బోల్. ఆ సీరియల్‌కి ఒక టీజరు (టైటిల్స్‌కి ముందు వచ్చే చిన్న ఘట్టం), ఐదు అంకాలు అన్నది స్థిరమైన చట్రం. ప్రతి అంకం చివరా వ్యాపార ప్రకటనలు వస్తాయి. అంటే గంట కార్యక్రమంలో ప్రేక్షకుణ్ని ఐదారుసార్లు కుర్చీలో కూర్చోబెట్టి ఉంచాలి. అన్ని మలుపులనూ బయటి ప్రమాదంతోనే నింపితే మూడో బ్రేకుకే విసుగొస్తుంది. పిల్లర్‌కి ఈ సంగతి బాగా తెలుసు.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో. బోర్గ్ అనే సమూహం మనుషులనూ యంత్రాలనూ కలిపేసి, ఒకే మెదడులా ఆలోచిస్తూ, ఎదురైన నాగరికతలన్నిటినీ తనలో కలిపేసుకుంటూ వస్తుంది. వాళ్ల ఓడ ఒక పెద్ద ఘనం. అది భూమివైపు బయలుదేరింది. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్షనౌక కెప్టెన్ పికార్డ్‌ను ఎత్తుకుపోయి, అతణ్ని లోక్యుటస్ అనే తమ ప్రతినిధిగా మార్చేస్తారు. అతని కింద పనిచేసే రైకర్, అతను ఉన్న ఓడపైనే ఆయుధం పేల్చాల్సి వస్తుంది.

మొదటి భాగం నడిపిన ప్రశ్న బోర్గ్‌ను ఎలా ఓడించాలన్నది కాదు. రైకర్ ఎందుకు కదలడం లేదన్నది. టీజరులోనే నేలమీద ఊరుండాల్సిన చోట పెద్ద గొయ్యి చూపించి ప్రమాదం ఎంతటిదో చెప్పేశారు. దాన్ని అక్కడికి వదిలి, వెంటనే అడ్మిరల్ హాన్సన్‌తో ఇంకో విషయం ఎత్తించారు. రైకర్‌కి మెల్‌బోర్న్ అనే ఓడకు కెప్టెన్‌గా వెళ్లే అవకాశం వచ్చింది. వీళ్ల అంతరిక్ష నౌకాదళం స్టార్‌ఫ్లీట్ అతనికి సొంత ఓడ ఇవ్వజూపడం ఇది మూడోసారి, అతను మాత్రం కూర్చోవడం లేదు. హాన్సన్ వెంటే, అతని ఉద్యోగం మీద కన్నేసిన లెఫ్టినెంట్ కమాండర్ షెల్బీ దిగింది. ఇక అక్కణ్నుంచి ఆమె చేసే ప్రతి పనీ రైకర్‌ని ఆ ప్రశ్న అడుగుతూనే ఉంటుంది. పేకాటలో అతని బ్లఫ్ పట్టేస్తుంది. అతనికి చెప్పకుండా ముందే గ్రహం మీదకి దిగిపోతుంది. ఓడను రెండుగా విడదీసి శత్రువుకి రెండు గురులు చూపిద్దామంటుంది. పైనున్న పళ్లెం భాగంలోని ఇంజన్ల శక్తి మనకి అవసరం పడుతుందని రైకర్ కాదంటే, అతణ్ని దాటి నేరుగా పికార్డ్ దగ్గరికి వెళుతుంది. చివరికి నువ్వు నా దారికి అడ్డుగా ఉన్నావని మొహం మీదే అనేస్తుంది.

ఈ సీన్లలో ఒక్కదానికి కూడా బోర్గ్ అక్కర్లేదు. ఒక ఆఫీసులో ప్రమోషన్ కోసం ఇద్దరు పడే పోటీగా తీసినా నడుస్తాయి. అందుకే బోర్గ్ వచ్చినప్పుడు అది బలంగా తగిలింది. పికార్డ్‌ని ఎత్తుకుపోగానే రైకర్ తప్పించుకు తిరుగుతున్న కుర్చీ దానంతటదే వచ్చి అతని కింద పడింది. అతను జట్టు తీసుకుని ఘనం మీదకి వెళ్లబోతే, ఇప్పుడు నీ స్థానం ఇక్కడే అని ఓడలోని కౌన్సెలర్ ట్రోయ్ ఆపుతుంది. వెళ్లేది షెల్బీ. వాళ్లు లోపల శక్తి పంపిణీ కేంద్రాలను పగలగొట్టి ఘనాన్ని వేగం నుంచి దింపుతారు. పికార్డ్‌ను మాత్రం తేలేకపోతారు, మారిపోయిన అతణ్ని చూసి వస్తారు. అప్పుడు తెరమీద లోక్యుటస్. రైకర్, భద్రతాధికారి వర్ఫ్‌తో: "మిస్టర్ వర్ఫ్, ఫైర్." చీకటి.

ఆ ఒక్క మాటలో రెండు ప్రశ్నలూ కలిశాయి. ఓడ బతుకుతుందా అన్నది ఒకటి. తండ్రిలాంటివాణ్ని చంపైనా సరే ఆ కుర్చీలో కూర్చుంటాడా అన్నది రెండోది. ఆయుధం పేలడమే అతని జవాబు. ఇక మిగిలింది దాని పర్యవసానం మాత్రమే. వ్యాసకర్త కథ సగంలో ఆగిందన్నారు. నిజానికి పాత్ర కథ అక్కడ ఒక మెట్టు పూర్తయింది, ఆగింది సంఘటన. ఇక్కడి సీరియళ్లలో తలుపు తీసినవారి మొహం చూపించకుండా ఆపేసే పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఇదే. తలుపు దగ్గర ఆపితే తెలియాల్సింది సమాచారం. అది మర్నాడు రాత్రి ఏడున్నరకి తెలిసిపోయాక మళ్లీ ఇంకో తలుపు వెతుక్కోవాలి.

మొదటి భాగంలో లోపాలు లేవని కాదు. పాల్సన్ నెబ్యులా అనే అంతరిక్ష మేఘంలో దాక్కునే ఘట్టం అంకం నింపడానికి పెట్టినదే. దాక్కున్నారు, బయటికి తరిమారు, కథ కదల్లేదు. కానీ ఆ ఖాళీలోనే పికార్డ్‌కీ, ఓడలోని బారు నడిపే గైనన్‌కీ మధ్య సంభాషణ పడింది. ట్రఫాల్గర్ యుద్ధానికి ముందు బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ తన ఓడంతా కలయతిరగడం గురించీ, విసిగోత్‌లు వస్తుంటే రోము చక్రవర్తి హొనోరియస్‌కి యుగం ముగుస్తోందని తెలిసి ఉంటుందా అనీ పికార్డ్ అడిగే మాటలు. అది లేకపోతే, తర్వాత అతను లోక్యుటస్‌గా కనిపించినప్పుడు పోయినదేమిటో మనకి లెక్క తెలియదు.

ఇక రెండో భాగం. మొదట మెచ్చుకోవాల్సినవి చెప్పాలి, ఎందుకంటే దీన్ని తిట్టేవాళ్లు వాటిని చూడరు. ఆయుధం పేలింది, ఏమీ కాలేదు. ఇది మోసంలా అనిపించవచ్చు గానీ కారణం పకడ్బందీగా ఉంది. పికార్డ్ తెలివీ అనుభవమూ ఇప్పుడు బోర్గ్ సొత్తు. ఎంటర్‌ప్రైజ్ ఏం చేయగలదో అతనికి తెలుసు గనక వాళ్లకీ తెలుసు. అంటే మొదటి భాగంలోని అపహరణే రెండో భాగంలోని వైఫల్యాన్ని పుట్టించింది. పైగా ఆయుధం పేల్చడంలో ఎంటర్‌ప్రైజ్ కూడా దెబ్బతింది. మరమ్మతుకి గంటలు పట్టాయి. అందుకే వోల్ఫ్ 359 అనే నక్షత్రం దగ్గర హాన్సన్ 40 ఓడలతో బోర్గ్‌ని ఎదుర్కొన్నప్పుడు ఎంటర్‌ప్రైజ్ అక్కడ లేదు. కథానాయకుడు ఆలస్యంగా రావడానికి ట్రాఫిక్ జామ్ కారణం కాకుండా చూసుకోవడం చిన్న విషయం కాదు.

ఆ యుద్ధం చూపించలేదు. శకలాలే చూపించారు. డబ్బు లేక అలా చేశారనుకున్నా, నిర్మాణపరంగా అదే సరైన పని. అక్కడ గెలిచే అవకాశం లేదు, నిర్ణయం తీసుకునే పాత్ర లేదు. పది నిమిషాలు పేలుళ్లు చూపిస్తే కథ పది నిమిషాలు ఆగుతుంది. (యుద్ధాన్ని నిజంగా చూపించింది 1993 జనవరిలో, మరో స్టార్ ట్రెక్ సీరియల్ 'డీప్ స్పేస్ నైన్' మొదటి కథలో. అక్కడ కథానాయకుడు సిస్కో భార్య చనిపోతుంది, అతని కథ మొదలయ్యేదే అక్కడ. అందుకే అక్కడ చూపించారు.) పోయినవి 39 ఓడలు, దాదాపు 11 వేల ప్రాణాలు అన్న లెక్క కూడా తర్వాతి సంవత్సరం 'ద డ్రమ్‌హెడ్'లో, పికార్డ్‌ని నిలదీసే విచారణలో వస్తుంది. అంకె ఎప్పుడు చెబితే గుచ్చుకుంటుందో అప్పుడే చెప్పారు.

ఓడను విడదీసే పథకం సంగతి ఇంకా బాగుంది. షెల్బీ చెప్పింది, రైకర్ కాదన్నాడు, పికార్డ్ విన్నాడు. పికార్డ్‌కి తెలుసు కాబట్టి బోర్గ్‌కీ తెలుసు. రైకర్ సరిగ్గా అందుకే దాన్ని వాడతాడు. లోక్యుటస్ పళ్లెం భాగాన్ని లెక్కచేయకుండా ఇంజన్ భాగం మీద పడతాడు, పళ్లెంనుంచి యాంటీమ్యాటర్ వెదజల్లి కళ్లు కప్పుతారు, ఆ సందులో వర్ఫ్, మనిషి రూపంలో ఉన్న యంత్రం డేటా కలిసి చిన్న షటిల్‌లో దూరి లోక్యుటస్‌ని ఎత్తుకొస్తారు. మొదటి భాగంలో ఇద్దరి మధ్య అహం గొడవగా కనిపించిన సీను, రెండో భాగంలో యుద్ధతంత్రం అయింది. దానికి కాస్త ముందే గైనన్ వచ్చి, ఆ కుర్చీ ఇప్పుడు నీది, పికార్డ్‌ని వదిలేయ్, ఓడించాలన్నా కాపాడాలన్నా అదే దారి అని రైకర్‌కి చెప్పింది. పికార్డ్ ఊహించగలిగినదాన్ని ఎరగా వేయడమే అతణ్ని వదిలేయడం. మాట, పని, మలుపు మూడూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

తంటా ఏమిటంటే ఇది క్లైమాక్స్ కాదు. ఇంకా చాలా కథ మిగిలే ఉంది, రైకర్‌కి మాత్రం పని అయిపోయింది.

తర్వాత జరిగేదంతా డేటా ప్రయోగశాలలో. లోక్యుటస్‌ని తన మెదడుకి కలుపుకుని, బోర్గ్ ఆజ్ఞల వ్యవస్థలోకి చొరబడతాడు. ఆయుధాల దారీ శక్తి దారీ మూసే ఉన్నాయి. లోపల ఎక్కడో మిగిలిన పికార్డ్ "నిద్ర" అంటాడు. అలసిపోయాడని ఓడ డాక్టర్ క్రషర్ అనుకుంటుంది. అది సూచన అని డేటా పట్టుకుంటాడు. కాపలా లేని దారి బోర్గ్ విశ్రాంతి తీసుకునే ఉపవ్యవస్థ ఒక్కటే. నిద్రపొమ్మన్న ఆదేశం అందరికీ పాకుతుంది, భూమి ముంగిట ఘనం ఆగిపోతుంది, ఆనక తనను తానే పేల్చుకుంటుంది. ఈలోగా రైకర్ ఏం చేస్తున్నాడు? ఓడతో గుద్దడానికి దారి సిద్ధం చేయిస్తున్నాడు. అందరి ప్రాణాలూ పణంగా పెట్టే నిర్ణయం. డేటా పని ముగియడంతో అది అక్కర్లేకుండా పోతుంది. తాళంచెవి ఒకరి చేతిలో పెట్టి తలుపు ఇంకొకరితో తీయించినట్టయింది.

పరిష్కారం తెలివైనదే. సమూహంగా ఉండటమే వాళ్ల బలం, అందుకే ఒక్క ఆదేశం అందర్నీ కూల్చింది. ఆ సూత్రానికి మచ్చ లేదు. రెండు లోటుపాట్లు మాత్రం ఉన్నాయి. ఒకటి, నిద్ర అన్న మాటకి మొదటి భాగంలో విత్తనం లేదు. షెల్బీ జట్టు ఘనంలో నడుస్తుంటే గూళ్లలో నిలబడ్డ బోర్గ్‌లు కనిపిస్తాయి, అవి ఏం చేస్తున్నాయో ఎవరూ అడగరు. "వీళ్లు శక్తి నింపుకుంటున్నారు, ఈ సమయంలో మన ఉనికిని పట్టించుకోరు" అని డేటా చేత ఒక్క వాక్యం పలికించి ఉంటే చాలు. అప్పుడది జట్టు భద్రతకి సంబంధించిన సమాచారంలా వినిపించి, 14 వారాల తర్వాత తాళంచెవిగా పనికొచ్చేది. ముందు ఒక పనికి వాడి తర్వాత ఇంకో పనికి తీస్తేనే విత్తనం అని గుర్తుపట్టకుండా ఉంటారు. ఓడ విడదీసే పథకానికి ఇంత చక్కగా చేసినవాళ్లు దీనికి చేయలేదు.

రెండోది పెద్దది. గెలుపు రైకర్ నిర్ణయం మీద ఆధారపడలేదు. దీన్ని సరిచేయడానికి కొత్త సెట్టు, కొత్త మోడల్ ఏదీ అక్కర్లేదు, ఉన్న రెండు సీన్ల మధ్య ఒక తాడు కడితే సరిపోతుంది. గుద్దితే ఇప్పుడే గుద్దాలి, ఆలస్యమైతే భూమి దక్కదు అని ఒకవైపు లెక్క. ఇంకొంచెం సమయమిస్తే పికార్డ్ ద్వారా దారి దొరకవచ్చు అని మరోవైపు డేటా విన్నపం, అదీ హామీ లేకుండా. మొదటి భాగం చివర రైకర్ పికార్డ్‌ని వదులుకుని "ఫైర్" అన్నాడు. ఇప్పుడు అదే మనిషి, అదే ప్రశ్న ముందు, ఆగమంటాడా? ఆగి గెలిస్తే అది అతని గెలుపు. ఆదేశం ఇచ్చే గొంతు అదే, ఆదేశం తిరగబడింది. రెండు భాగాలకీ ఒకే కీలు. ఇప్పుడున్న రూపంలో రైకర్‌ని ఆఖరి అంకంనుంచి తీసేసినా బోర్గ్ అలాగే నిద్రపోతుంది. కథానాయకుణ్ని తీసేసినా క్లైమాక్స్ చెక్కుచెదరకపోతే అక్కడ తప్పు జరిగిందని లెక్క. రాసుకున్న స్క్రిప్టుని ఎవరైనా ఇలా పరీక్షించుకోవచ్చు. ఆఖరి పది పేజీల్లో ముఖ్యపాత్ర డైలాగులు కొట్టేసి చదివితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

మెల్‌బోర్న్ సంగతి మరీ బాధ కలిగిస్తుంది. వోల్ఫ్ 359 శకలాల్లో షెల్బీ ఓడల పేర్లు చదువుతుంది: టాల్‌స్టాయ్, క్యూషు, మెల్‌బోర్న్. రైకర్ ఒప్పుకుని ఉంటే అతను ఉండాల్సిన ఓడ అది. మొదటి భాగమంతా "ఎందుకు వెళ్లవు" అని వేధించిన ప్రశ్నకి ఇంత భయంకరమైన జవాబు చేతికి వచ్చింది. అదృష్టమా, పిరికితనం కాపాడిందా, ఆ కుర్చీలో చచ్చిపోయినవాడెవరు? వీటిలో ఏదీ ఎత్తలేదు, కథ ఆ పేరు మీద నిలబడకుండా సాగిపోయింది. చివర్లో రైకర్ ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉండిపోతాడు. నా ఉద్యోగం నా ఇష్టం అన్న ధోరణిలో ఒక చమత్కారం విసిరి ముగిస్తాడు. షెల్బీ నౌకాదళాన్ని మళ్లీ నిలబెట్టే పనిమీద వెళ్లిపోతుంది. ఇద్దరూ మొదలుపెట్టిన చోటే తేలారు. రైకర్ సొంత ఓడకి నిజంగా బయలుదేరింది 2002లో, 'నెమెసిస్' సినిమాలో. 12 ఏళ్లు.

దీనికి బయటి కారణం ఉంది, అది ఒప్పుకోవాలి. ఈ సీరియల్‌ని ఒక నెట్‌వర్క్ కాకుండా ఊరూరా స్థానిక స్టేషన్లు విడివిడిగా కొనుక్కుని వేసేవి. ఎపిసోడ్లు ఎక్కడినుంచి చూసినా అర్థం కావాలి, పాత్రలు మళ్లీ తమతమ కుర్చీల్లోకి రావాలి. రైకర్‌ని పంపడం కుదరదు. పంపకపోయినా, ఉండిపోవడాన్ని నిర్ణయంగా రాయడం కుదిరేది. ఆ కుర్చీ రుచి చూశాక, మెల్‌బోర్న్ శవాన్ని చూశాక, ఉంటానని ఎందుకు అన్నాడో రెండు వాక్యాలు చాలు.

మూడో సీజన్లోనే 1990 ఫిబ్రవరిలో వచ్చిన 'యెస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్'లో ఈ తప్పు జరగలేదు. కాలం మారిపోయి, అంతకుముందు చనిపోయిన భద్రతాధికారి టాషా యార్ బతికి ఉన్న లోకం అది. తన అసలు చావు అర్థంలేనిదని గైనన్ ద్వారా తెలుసుకుని, గతంలోంచి వచ్చిన పాత ఓడతోపాటు తిరిగి గతంలోకి వెళ్లి చనిపోవడానికి తనే అడిగి వెళుతుంది. చరిత్ర మళ్లీ సరైన దారిలో పడటమూ ఆమె ప్రశ్నకి జవాబూ ఒకే పనిలో జరిగిపోతాయి. ఆ కథ చాలామంది చేతులు పడి, హడావుడిగా తయారైంది. అయినా కీలు తప్పలేదు.

రెండో భాగం ఎలా ముగించాలో తెలియకుండానే పిల్లర్ మొదటి భాగం రాశాడన్నది పదేపదే వినిపించే సంగతి, ఆయనే చెప్పుకున్నాడు. నాలుగో సీజన్‌కి తను ఉంటాడో లేదో అప్పటికి ఆయనకే తెలియదు, రైకర్ ఊగిసలాట ఆయన సొంత ఊగిసలాటే. దీన్నిబట్టి, ముగింపు తెలియకుండా రాయడమే తప్పని కొందరు తీర్పు చెబుతారు. నేను ఒప్పుకోను. మన వారపత్రికల్లో 'సశేషం' అని పెట్టి వచ్చే వారానికి ఏం రాయాలో ఆలోచించుకున్న రచయితలు ఎందరో ఉన్నారు, వాటిలో బిగువు తగ్గని నవలలూ ఉన్నాయి. ముగింపు తెలియకపోయినా పరవాలేదు. ముగింపు రాయడానికి కూర్చున్నప్పుడు పాత భాగాన్ని తెరిచి, ఎవరిని ఏం అడిగామో రాసుకోవాలి. ఇక్కడ అడిగినవి రెండు: బోర్గ్‌ని ఎలా ఆపాలి, రైకర్ ఏమవుతాడు. మొదటిదాని మీదే దృష్టి పెట్టారు, ఎందుకంటే 14 వారాలపాటు జనం అడిగింది అదే. ప్రేక్షకులు బయట అడిగే ప్రశ్నా, కథ లోపల అడిగిన ప్రశ్నా ఎప్పుడూ ఒకటే కానక్కర్లేదు.

పికార్డ్ విషయంలో మాత్రం బాకీ తీర్చారు. రెండో భాగం చివరి షాట్‌లో అతను కిటికీలోంచి చూస్తూ నిలబడతాడు, గెలిచిన మొహం కాదు. ఆ తర్వాతి వారమే 'ఫ్యామిలీ' అన్న ఎపిసోడ్. ఓడల పోరాటాలు లేవు. ఫ్రాన్స్‌లోని తన ఇంట్లో, అన్నతో బురదలో కొట్టుకుని, బోర్గ్‌ని ఆపలేకపోయానని ఏడుస్తాడు. పర్యవసానానికి పూర్తి గంట కేటాయించడం ఆ రోజుల్లో అరుదు. అందులో రైకర్ ప్రశ్నకి చోటు దొరకలేదు.

చివరగా ఒక సవరణ. బోర్గ్ ఈ కథలోనే తొలిసారి ప్రత్యక్షమయ్యారని వ్యాసంలో ఉంది. కాదు. అంతకు ఏడాది ముందే, 1989లో, రెండో సీజన్‌లోని 'క్యూ హూ' ఎపిసోడ్‌లో వచ్చారు. అక్కడ ఎంటర్‌ప్రైజ్ బయటపడింది క్యూ అనే సర్వశక్తిమంతుడి దయవల్ల, పికార్డ్ బతిమాలుకుంటే. రెండోసారి ఎదురయ్యేసరికి క్యూ లేడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. మొదటి భాగం టీజరులో ఆ గొయ్యి చూపించగానే భయం పుట్టడానికి సగం కారణం అదే. ఈసారి సవరణల కాలమ్‌లో వేయగలరు.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం